అన్నం ముట్టకున్నా ఆదివారం రాత్రి షుగర్ 243 ఎందుకొచ్చింది?

మిర్యాలగూడ దగ్గర్నుంచి ఒక తమ్ముడు రాశాడు. నలభైకి దగ్గర పడ్డాడు, రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. పొద్దంతా బియ్యం బస్తాల మధ్యే ఉంటాడు గానీ ఆరు నెలలుగా అన్నం ముట్టలేదట. పోయిన ఏడాది షుగర్ బయటపడింది. వాళ్ల నాయనకు ఇదే జబ్బుతో కాలి వేళ్లు తీసేశారు, ఆ భయం ఇతనికి బాగా ఉంది. డాక్టర్ మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రాసి, పిండి పదార్థాలు తగ్గించమన్నారు. తగ్గించాడు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 7.2కి దిగింది. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా ఆదివారాలతోనే. భార్య తమ్ముడు రెండేళ్ల కింద సాగర్ రోడ్డు మీద చైనీస్ ఫాస్ట్ ఫుడ్ సెంటర్ పెట్టాడు. ఆదివారం రాత్రి అత్తగారి వైపు వాళ్లందరూ అక్కడే కూడుతారు. మిగతాది ఆయన మాటల్లోనే చదవండి.

“అక్కా, నాకు రైస్ వద్దు, నూడుల్స్ వద్దు అంటే మా బామ్మర్ది ప్రేమతోని గోబీ మంచూరియా ఒక ప్లేటు, చిల్లీ చికెన్ ఒక ప్లేటు, మంచో సూపు పెద్ద గిన్నె తెచ్చి ముందర పెడతడు. ‘బావా, ఇండ్ల అన్నం లేదు, నూడుల్ లేదు, ధైర్యంగ తిను’ అంటడు. తిన్న రెండు గంటలకు చూసుకుంటే 243. జొన్న రొట్టెలు తిన్ననాడు కూడా అంత రాలేదు. రాత్రికి తినేది ఉంటదని ఆదివారం మధ్యాహ్నం తిండి కూడా మానేస్తున్న. పోయిన వారం సాయంత్రం చేతులు వణికి చెమటలు పట్టినయి, నీరసం అనుకొని టీ తాగిన, తగ్గింది. ఈ వారం పోను అంటే నా భార్య ‘మా తమ్ముడు అప్పు చేసి పెట్టుకున్న హోటల్ మీకు చిన్నతనమైందా’ అని రెండు రోజులు మాట్లాడలేదు. అత్తగారింట్ల ఎవ్వరికీ నాకు షుగర్ ఉన్నట్టు తెల్వదు, బొజ్జ తగ్గించుకుంటున్న అని చెప్పిన. సోయా సాస్‌ల చక్కెర ఉంటదా? అజినమోటో వల్లనా? చైనీస్ మొత్తానికే బందు పెట్టాల్నా? పిల్లలకు పెట్టొచ్చా?”

తమ్ముడూ, మీరు అడిగినవాటి కంటే ముందు, మీరు అడగని సంగతి ఒకటుంది. మధ్యాహ్నం తిండి మానేస్తున్నానని ఒక్క మాటలో రాసి దాటేశారు. ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది అక్కడే, ఆ 243 దగ్గర కాదు. మీ మాత్రలో ఉన్న గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, దాని పని ఇన్సులిన్ వదిలించడం, అది వదిలిస్తూనే ఉంటుంది. పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం కడుపు ఎండబెట్టుకుంటే సాయంత్రానికి షుగర్ పడిపోతుంది. ఆ వణుకు, ఆ చెమట అదే కావచ్చు. టీతో తగ్గిందంటే ఆ రోజు టీలో చక్కెర వేసే ఉంటారు. ఇంకోసారి అలా అనిపిస్తే వెంటనే మిషన్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చిన్న చెంచాల (టీ స్పూన్ల) చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. మిషన్ దగ్గర లేకపోతే చూసుకునేదాకా ఆగకుండా ముందు చక్కెర నీళ్లు తాగండి, ఆ సమయంలో డైట్ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. బండి మీద ఉంటే పక్కకు ఆపండి.

ఇంకో మాట. డాక్టర్‌కు ‘తగ్గించాను’ అని చెప్పి ఉంటారు, అన్నం పూర్తిగా మానేశానని చెప్పారా? పిండి పదార్థాలు ఇంతగా తగ్గించినవాళ్లకు గ్లిమెపిరైడ్ మోతాదు అంతే ఉంచాలా అన్నది ఆయన చూడాల్సిన సంగతి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, సగం చేసుకోవద్దు. నేను డైటీషియన్‌ని, ప్లేటు గురించే చెప్పగలను. వచ్చే ఆదివారం లోపల ఒకసారి ఆయన్ని కలవండి, ఆ సాయంత్రం వణుకు సంగతి కూడా చెప్పండి. ఈలోగా మధ్యాహ్నం మాత్రం తినండి.

ఇక 243 సంగతి. మీ బామ్మర్ది అబద్ధం చెప్పలేదు, ఆ ప్లేట్లలో నిజంగానే అన్నం లేదు. ఈసారి పోయినప్పుడు కుర్చీలో కూర్చోకుండా మాస్టర్ పక్కన నిలబడి చూడండి. క్యాలీఫ్లవర్‌ను మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపిన జారుడు పిండిలో ముంచి నూనెలో వదులుతాడు. తర్వాత పెద్ద మంట మీద వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, సోయా సాస్, చిల్లీ సాస్, టమాటా సాస్ పోస్తాడు. అప్పటిదాకా ఆ పులుసు నీళ్లలా పల్చగానే ఉంటుంది. పక్కన ఒక గిన్నెలో తెల్లగా, పాలలాగా ఏదో కలిపి పెట్టుకుని ఉంటాడు, దాన్ని గరిటెతో అడుగుదాకా ఒకసారి తిప్పి కడాయిలో పోస్తాడు. రెండు నిమిషాలు కూడా పట్టదు, పులుసు చిక్కబడి నిగనిగలాడుతూ ముక్కలకు అంటుకుంటుంది. ఆ తెల్ల నీళ్లు కార్న్‌ఫ్లోర్. ఆ నిగనిగ మొత్తం పిండి.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కే చెప్తాను. పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్ దాదాపు 8 గ్రాములు ఉంటుంది, అందులో 7 గ్రాములు కార్బే, అంటే పిండి పదార్థమే. ఒక ప్లేటు గోబీకి పట్టిన పిండిలో మూడు చెంచాల కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల మైదా ఉన్నాయనుకుందాం, అక్కడికి 33 గ్రాములు. పులుసు చిక్కబడటానికి ఇంకో చెంచాడు, అది 7. టమాటా సాస్‌లో పులుపుతో పాటు చక్కెర కూడా ఉంటుంది, చెంచాకు 4 గ్రాముల దాకా, రెండు చెంచాలకు 8. మొత్తం 48. మాస్టర్ చేతిని బట్టి అటూ ఇటూ అవుతుంది గానీ చాలా తేడా రాదు. వండిన అన్నం 100 గ్రాముల్లో ఉండేది సుమారు 28 గ్రాములు. అంటే ఆ గోబీ ప్లేటు ఒక్కటి మీరు ఖాళీ చేస్తే 170 గ్రాముల అన్నం తిన్నట్టే, అది పెద్ద కప్పు నిండా అన్నం. చిల్లీ చికెన్, మంచో సూపు లెక్క ఇంకా వేయలేదు. చికెన్‌కు పిండి కొంచెం తక్కువ పడుతుంది, అంతే తేడా. మంచో సూపు చిక్కగా ఉండేదీ కార్న్‌ఫ్లోర్‌తోనే, పైన కరకరలాడే నూడుల్స్ చల్లుతారు, అది మైదా. రైస్ వద్దన్నందుకు ఆ అబ్బాయి ప్రేమకొద్దీ ఇంకో ప్లేటు పెంచాడు. మీరేమో పొద్దుటి నుంచి ఆకలి మీద ఉన్నారు. 243 రాకుండా ఎట్లా ఉంటుంది?

పైగా ఇదంతా నూనెలో వేగింది. నూనె ఎక్కువైన తిండి మెల్లగా అరుగుతుంది, అందుకని రెండు గంటలకు చూసిన అంకె శిఖరం కాకపోవచ్చు, ఆ తర్వాత ఇంకా పెరిగి ఉండొచ్చు. ఆదివారం రాత్రి నాలుగు గంటల తర్వాత కూడా ఒకసారి చూసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

హోటల్ మాటల్లో ఇంకొకటి చాలామందిని మోసం చేస్తుంది. గ్రేవీ వద్దు, డ్రై తెమ్మంటే పిండి పోయినట్టు అనుకుంటారు. పోయేది చివర్లో పోసే ఆ తెల్ల నీళ్లు మాత్రమే, ముక్క మీది పూత అట్లాగే ఉంటుంది. చికెన్ 65, లాలీపాప్, అపోలో ఫిష్ అన్నీ ఇంతే. కరకరలాడింది అంటే పిండి ఉందనే అనుకోండి. సూపుల్లో హాట్ అండ్ సోర్ కూడా కార్న్‌ఫ్లోర్ సూపే, స్వీట్ కార్న్ సూపులో అయితే మొక్కజొన్న, కార్న్‌ఫ్లోర్, చక్కెర మూడూ ఉంటాయి. క్లియర్ సూపు ఒక్కటే మీకు పనికొస్తుంది.

సోయా సాస్‌లో కార్బ్ పెద్దగా లేదు, చెంచాకు ఒక గ్రాము అటూ ఇటూ. మీ 243కు దానికి సంబంధం లేదు. అందులో ఎక్కువగా ఉండేది ఉప్పు. ఒక్క పెద్ద చెంచాలోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, రోజు మొత్తానికి 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీకు బీపీ ఉందో లేదో రాయలేదు, ఉంటే ఇది పట్టించుకోవాలి. ఇక పాపం అజినమోటో. మన దగ్గర కడుపు నొప్పి నుంచి కాళ్ల తీపుల దాకా అన్నిటికీ దాన్నే అంటారు. 1908లో జపాన్‌లో ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచులోంచి దాని రుచిని పట్టుకున్నాడు, అందులో పిండి లేదు, చక్కెర లేదు, సోడియం కూడా మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడో వంతే. ‘మా దగ్గర అజినమోటో వెయ్యం’ అని బోర్డు పెట్టినంత మాత్రాన మీ షుగర్‌కు ఒరిగేదేమీ లేదు.

జొన్న రొట్టెలను కూడా ఒకసారి చూద్దాం, మీరు వాటిని లెక్కలో లేనట్టు రాశారు. జొన్న పిండి 100 గ్రాముల్లో 70 గ్రాములు కార్బే. రెండు మంచి రొట్టెలకు దాదాపు అంత పిండి పడుతుంది. అన్నం కంటే మెల్లగా ఎక్కుతుంది, కడుపు నిలుస్తుంది, మానేయమని చెప్పను, మన నేల తిండి అది. కానీ రోజు మొత్తానికి వంద గ్రాముల కార్బ్ అనుకునేవాళ్లకు మధ్యాహ్నమే డెబ్భై అయిపోతే రాత్రికి మిగిలేది ఎంతో చూడండి. ఆదివారం తిండి మానకుండా రొట్టె ఒకటికి తగ్గించి, పక్కన రెండు గుడ్లో, చికెన్ కూరో, గిన్నెడు ఆకుకూరో పెట్టుకోండి.

చైనీస్ మొత్తానికే బందు పెట్టాలా అన్నారు. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చుంది.

ఒకటి, పోకుండా ఉండటం, లేదా ఇంట్లో తినిపోయి అక్కడ ఊరికే కూర్చోవడం. షుగర్‌కు ఇంత సులువైనది లేదు. ఇంటికి మాత్రం ఇంత కష్టమైనదీ లేదు. అల్లుడు పస్తు కూర్చుంటే ఏ అత్తమ్మ ఊరుకుంటుంది, ‘ఒక్క ముక్క తిను బిడ్డా’ అని చేతిలో పెడుతుంది, మీరు తింటారు, ఒక్కదానితో ఆగదు. కారణం చెప్పకుండా పోవడం మానేస్తే మీ భార్య అన్న మాటే రేపు వాళ్లందరి నోటా వస్తుంది. ఆమె కోపం మంచూరియా గురించి కాదని మీకూ తెలుసు. తమ్ముడు అప్పులో ఉన్నాడు, కొట్టు నిలబడుతుందో లేదోనని ఆమెకు టెన్షన్, సొంత మొగుడే ఎంగిలి పడకపోతే ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోనని.

రెండు, పోయి, అదే పొయ్యి మీద మీకు వేరేగా చేయించుకోవడం. నన్నడిగితే ఇటే మొగ్గుతాను, ఎందుకంటే హోటల్ మీవాళ్లది. వేరేవాళ్ల హోటల్‌లో కార్న్‌ఫ్లోర్ వద్దు అంటే సర్వర్ తల ఊపి పోతాడు, లోపల అదే ముక్క కడాయిలో పడుతుంది. మాస్టర్ తప్పు కూడా కాదు. సాయంత్రం గిరాకీ తట్టుకోవడానికి మధ్యాహ్నమే ముక్కలకు పిండి పట్టించి ఒక వాయి వేయించి పెట్టుకుంటారు, ఆర్డర్ వచ్చినప్పుడు ఆ పూత ఎవరు పీకుతారు? మీకైతే మధ్యాహ్నమే ఒక ఫోన్ చాలు. ‘నాకు పావుకిలో బోన్‌లెస్ పిండి పట్టించకుండా పక్కకు తీసి పెట్టు’ అనండి. సన్నగా కోసి, ఉప్పు, మిరియాలు, గుడ్డులో తెల్లసొన కలిపి ఉంచితే మెత్తగానే ఉంటుంది. పెద్ద మంట మీద వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు, క్యాప్సికంతో టాస్ చేసి, కొంచెం సోయా, వెనిగర్ చల్లితే అయిపోయింది. టమాటా సాస్ వద్దని మాత్రం గట్టిగా చెప్పండి, చెయ్యి అలవాటులో దానంతటదే పోతుంది. కడాయి కడిగి చేయమనండి, లేకపోతే ముందు ప్లేటు గ్రేవీ అడుగున ఉంటుంది.

నూడుల్స్ మీద మనసు పోతుందంటే క్యాబేజీని దారాల్లాగా పొడుగ్గా కోయించండి. రెండు గుడ్లు కొట్టి పోసి, నూడుల్స్‌కు వేసే దినుసులే వేసి, నిమిషంన్నర ఎగరేసి దించితే పచ్చిదనం పోతుంది, కరుకుదనం పోదు. ఎక్కువసేపు ఉంచితే నీళ్లు దిగి కూరైపోతుంది. నూడుల్స్ తిన్నట్టే ఉంటుందని నేను చెప్పను, ఉండదు. కానీ ఆ పొగ వాసన, ఆ వెనిగర్ ఘాటు వస్తాయి, చైనీస్‌లో సగం రుచి అదే.

ఇట్లా మారిస్తే అది చైనీస్ ఎట్లా అవుతుందని మాస్టర్ నవ్వొచ్చు. నవ్వనివ్వండి. మనం తినే చైనీస్ పుట్టిందే మార్పుల్లో. చైనా నుంచి వచ్చి కలకత్తా టాంగ్రాలో స్థిరపడ్డ హక్కావాళ్లు మన నాలుకకు తగ్గట్టు కారం, మసాలా పెంచుకుంటూ తయారు చేసిన తిండి ఇది. చికెన్ మంచూరియన్‌ను 1975లో ముంబైలో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే ఆయన కనిపెట్టాడని చెప్తారు, మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాస్ కలిపి. కలకత్తాలో మారింది, ముంబైలో మారింది, మిర్యాలగూడలో ఒక బావ కోసం ఇంకొంచెం మారితే ఏం పోయింది?

ఈ దారికి అయ్యే ఖర్చు ఏమిటంటే, నిజం చెప్పాలి. పావుకిలో చికెన్ ఎందుకు పక్కకు తీయాలో ఆ అబ్బాయికి తెలియకపోతే రెండో వారం మర్చిపోతాడు, మూడో వారం ‘బావకు సోకులెక్కువైనయి’ అంటాడు. షుగర్ అని తెలిసిన రోజు మాత్రం ఆ మంచూరియా ప్లేట్లు తనే పెట్టానని బాధపడతాడు. చెప్పాక ఏమవుతుందో కూడా ముందే అనుకోండి. అత్తమ్మ కాకరకాయ రసం పంపిస్తుంది, తోడల్లుడు ఎవరో ఇచ్చే చెట్టు మందు గురించి చెప్తాడు, మాత్రలు మానేయమనేవాళ్లు కూడా ఒకరిద్దరు తయారవుతారు. సరే సరే అని వినండి, మాత్రలు మాత్రం మానకండి. మిల్లులో మీకు షుగర్ అని తెలియడం ఇష్టం లేకపోతే అది మీ ఇష్టం, మిల్లువాళ్లకు చెప్పాల్సిన పనిలేదు, ‘ఈ మాట ఇంట్లోనే ఉండనీ’ అని బామ్మర్దితో అనొచ్చు. ఉంటుందని మాట ఇవ్వలేను, మన ఊళ్లు మీకు తెలియనివా.

చెప్పడం అందరి ముందు టేబుల్ దగ్గర వద్దు. ముందు మీ భార్యతో మాట్లాడండి, ‘మీ తమ్ముడి హోటల్ మానడానికి కాదు, మానకుండా ఉండటానికే చెప్తా’ అని. ఆ తర్వాత ఏ మంగళవారమో గిరాకీ పలచగా ఉన్నప్పుడు మీరొక్కరే పోయి ఆ అబ్బాయికి చెప్పండి. మీ నాయన కాలి సంగతి వాళ్లకు తెలిసే ఉంటుంది, దాన్ని గుర్తు చేస్తే పెద్దగా వివరించే పని ఉండదు. ఫోన్ మాత్రం మీరే చేయండి, మీ ఆవిడతో చేయించొద్దు, అక్కా తమ్ముళ్ల మధ్య అది ఇంకో మాటగా మారుతుంది.

మూడో దారి, నెలకొకసారి తెలిసి తెలిసి కొంచెం తినడం. కొంతమందికి ఇది నప్పుతుంది, పూర్తిగా మూసేస్తే ఒక రోజు కట్ట తెంచుకుని తినేవాళ్లకు మరీ. పావు ప్లేటు నూడుల్స్ అనుకుంటే పావే మీ ప్లేటులోకి తీసుకుని గిన్నె అవతలికి నెట్టేయాలి, గిన్నెలోంచి తింటే పావు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. ముందు క్లియర్ సూపు, చికెన్, కూరగాయలు తిని, నూడుల్స్ చివర్లో తింటే షుగర్ ఎగబాకడం కొంత తగ్గుతుంది. తిన్నాక కూర్చోకుండా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నడవండి. ఇందులో ఉన్న చిక్కు రెండు రకాలు. నెలలుగా పిండి తగ్గించినవాళ్ల ఒంటికి ఒక్కసారిగా పిండి వస్తే తట్టుకోవడం తాత్కాలికంగా తగ్గి ఉంటుంది, గ్లూకోజ్ తాగించి షుగర్ చూసే గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు 150 గ్రాములకు తగ్గకుండా కార్బ్ తినమని చెప్పేది అందుకే. కాబట్టి ఇదివరకు అంతే తింటే వచ్చిన అంకె కంటే ఇప్పుడు ఎక్కువ రావచ్చు, గాభరా పడొద్దు, కానీ మర్నాడు కూడా కొనసాగించొద్దు. రెండోది మీ సొంత సంగతి. నెలకొకసారి అన్నది వారానికొకసారి కాకుండా ఉంటుందా? ప్రతి ఆదివారం ఎదురుగా అదే టేబుల్, అదే వాసన, అదే బామ్మర్ది. మీరు ఆరు నెలలు అన్నం ముట్టని మనిషి, పట్టుదల ఉంది, కానీ పట్టుదల గలవాళ్లు ఒక్కోసారి ‘ఎట్లాగూ పోయింది కదా’ అని మొత్తం వదిలేస్తారు కూడా. మిమ్మల్ని మీరు ఎరుగుదురు, నేను ఎరగను.

రెండోదీ మూడోదీ కలుపుకోవచ్చు. మూడు ఆదివారాలు మీ పావుకిలో చికెన్, నాలుగోది పావు ప్లేటు. రెండు రకాల రాత్రుల్లోనూ రీడింగులు రాసి పెట్టుకోండి, నెల తర్వాత ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. నా అంచనాల కంటే మీ రీడింగులు నమ్మదగినవి.

పిల్లల గురించి అడిగారు. పెట్టండి, వాళ్లకు మీ డైట్ అంటగట్టొద్దు. ప్రతి ఆదివారం వేపుళ్లే కాకుండా ఒక వారం మాస్టర్‌తో గుడ్డు, కూరగాయలు ఎక్కువ వేసిన ఫ్రైడ్ రైస్ చేయించండి. కూల్ డ్రింక్ మాత్రం టేబుల్ మీదికి రానీయకండి, మీ బామ్మర్ది ఫ్రీగా ఇచ్చినా సరే.